ఎన్నడూ తీసుకోని సూది



హైదరాబాద్ పాతబస్తీలోని లాల్ దర్వాజ నుంచి ఒకామె మా ల్యాబ్‌కు వచ్చింది. యాభై దాటిన మనిషి. పత్తర్‌గట్టిలో ఒక బట్టల దుకాణంలో పని. మూత్రంలో మంట, ఆర్నెల్లలో ఇది మూడోసారి. చేతిలో కల్చర్ రిపోర్టు ఉంది. దాంట్లో వరసగా మందుల పేర్లు, ప్రతి పేరు పక్కన ఒక అక్షరం. 'ఎస్' ఉంటే సూక్ష్మజీవి ఆ మందుకు లొంగుతుంది, 'ఆర్' ఉంటే లొంగదు. ఆమె కాగితంలో ఎక్కువగా ఆర్‌లే. కొడుకు చదివి చెప్పాడట. నా ఎదురుగా కూర్చుని, ఒక పేరు మీద వేలు పెట్టి అడిగింది.

"మేడం, నార్‌ఫ్లాక్స్ మింగిన, సెఫిక్సిమ్ మింగిన. అవి పని చేస్తలేవంటే నాకు సమజైతది. కని ఈ జెంటామైసిన్ అంటే సూదంట గద. నేను ఎన్నడు తీసుకోలే. తీసుకోని సూది సంగతి నా ఒంట్ల పురుగుకు ఎట్ల తెలిసింది?"

ఆమెను నేను అక్కా అనే పిలుస్తాను. ఆ రోజు అక్కకు చెప్పిన జవాబునే ఇవాళ కాస్త విడమరిచి మీకు చెబుతాను.

ముందు ఆ మంట సంగతి. మన ఇళ్లలో దానికి ఒకటే పేరు, వేడి చేసింది. బార్లీ నీళ్లు, నానబెట్టిన సబ్జా గింజలు, కొబ్బరి బోండాం, పల్చటి మజ్జిగ. పాతబస్తీలో ఉర్దూ మాట్లాడే ఇళ్లలోనూ అదే మాట, గర్మీ హో గయీ అంటారు. నీళ్లు తాగించే అలవాటు మంచిదే. మూత్రం ధారాళంగా వస్తే మూత్రాశయం కడిగినట్టవుతుంది. కానీ జ్వరం, వణుకు, నడుం పక్కన నొప్పి మొదలయ్యాక కూడా ఇది వేడే అనుకుంటూ నాలుగు రోజులు గడపకూడదు, అప్పటికే జబ్బు మూత్రపిండాల దాకా ఎక్కి ఉండొచ్చు. అప్పుడది బోండాంతో తగ్గే జబ్బు కాదు.

అక్కకు ఇంకో కష్టం ఉంది. పొద్దున దుకాణంలో అడుగుపెడితే రాత్రి దాకా నిలబడే పని. రంజాన్ నెలలోనైతే అర్ధరాత్రి దాటినా ఇల్లు చేరదు. చుట్టుపక్కల ఆడవాళ్లు వెళ్లదగిన మరుగుదొడ్డి లేదు. అందుకని నీళ్లే తాగదు. ఒక్క పత్తర్‌గట్టి అనేమిటి, బజారులో పనిచేసే ఆడవాళ్లలో చాలామంది ఇదే మాట చెబుతారు. దుకాణాల యజమానులు వింటున్నట్లయితే వాళ్లకు నా మనవి ఒకటి. గల్లాపెట్టె పైన దేవుడి పటానికి చోటు దొరికింది కదా, పనిచేసే ఆడవాళ్ల మరుగుదొడ్డికి కూడా చోటు చూడండి.

ఇక పురుగు సంగతి. బయట, ఆసుపత్రిలో చేరకుండా వచ్చే మూత్రం ఇన్ఫెక్షన్లలో దాదాపు నాలుగింట మూడొంతులకు కారణం ఈ.కోలై అనే బాక్టీరియా. దాని అసలు ఇల్లు మూత్రాశయం కాదు, మన పేగు. పుట్టిన కొద్ది రోజులకే మన పేగులో చేరి, మన అన్నంలో వాటా తింటూ, మామూలుగా మనకు ఏ హానీ చేయకుండా బతుకుతుంది. మలద్వారం దగ్గరి నుంచి మూత్రనాళంలోకి దారి తప్పి వచ్చినప్పుడే గొడవ. ఆడవాళ్లలో ఆ నాళం పొడవు నాలుగు సెంటీమీటర్లే. ఈ జబ్బు ఆడవాళ్లకే ఎక్కువగా రావడానికి ముఖ్య కారణం ఇదే. వాళ్ల శుభ్రతలో లోపముందని ఎవరైనా అంటే నమ్మకండి.

ల్యాబులో మేం చేసే పని మీరు ఇంట్లో పాలు తోడేసినంత మామూలుగా ఉంటుంది. సన్నటి తీగ చివర చిన్న చుట్టు ఉంటుంది. దాన్ని మూత్రంలో ముంచి, నీలి ఆకుపచ్చ రంగు పోషక పదార్థం గడ్డకట్టించిన ప్లేటు మీద గీస్తాం. రాత్రంతా మన ఒంటి వేడిలో ఉంచుతాం. ఈ.కోలై అనుకూలంగా ఉంటే ఇరవై నిమిషాలకొకసారి రెట్టింపవుతుంది, కాబట్టి తెల్లారేసరికి ప్లేటు మీద పసుప్పచ్చ చుక్కలు తేలతాయి. మిల్లీలీటరు మూత్రంలో లక్ష ఉంటే అది జబ్బేనని పాత లెక్క. ఆ చుక్కల్ని ఇంకో ప్లేటు మీద పరిచి, పైన మందులు అద్దిన కాగితపు బిళ్లలు పెడతాం. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ ఏమీ పెరగక గుండ్రటి ఖాళీ ఏర్పడుతుంది. పని చేయకపోతే బిళ్ల అంచు దాకా పురుగు పెరుగుతుంది. అక్క ప్లేటులో జెంటామైసిన్ బిళ్ల అంచు దాకా పెరిగింది.

చాలామంది అనుకునేదేమిటంటే, మన ఒళ్లు మందుకు అలవాటు పడిందని. ఒళ్లు అలవాటు పడదు. మారేది బాక్టీరియా. అదీ రెండు రకాలుగా మారుతుంది. ఒకటి, తన జన్యువుల్లో తానే తప్పు రాసుకోవడం. నార్‌ఫ్లాక్స్, సిప్రోఫ్లాక్సాసిన్‌లకు లొంగకపోవడం ఎక్కువగా ఈ దారిలోనే వస్తుంది. ఆ తప్పు పిల్లలకు, పిల్లల పిల్లలకు పోతుందే తప్ప పక్కవాడికి పోదు. రెండోది పక్కవాడికి పోయేది. అక్క ప్రశ్నకు జవాబు ఆ రెండో దారిలో ఉంది.

అక్క రోజూ గాజులమ్మే లాడ్ బజారు మీదుగానే నడిచి పనికి వెళుతుంది కాబట్టి నేను గాజు పోలికే ఎత్తుకున్నాను. బాక్టీరియాకు తన బతుక్కి కావలసిన రాత అంతా ఒక పెద్ద వలయంలో ఉంటుంది. అది కాక చిన్న చిన్న వలయాలు కొన్ని విడిగా ఉంటాయి. వాటి పేరు ప్లాస్మిడ్. అవి లేకపోయినా బాక్టీరియా బతుకుతుంది, గాజులు లేకుండా మనిషి బతికినట్టే. లాడ్ బజారులో లక్కను కాల్చి మెత్తబరిచి, గుండ్రంగా వంచి, వేడి ఆరకముందే రాళ్లు పొదుగుతారు. 2024లో ఆ హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ప్లాస్మిడ్‌ను అలాంటి గాజు అనుకోండి. ఒక్కో రాయి ఒక్కో మందును ఓడించే జన్యువు. ఒకటి సెఫిక్సిమ్‌ను విరగ్గొట్టే ఎంజైమును తయారు చేస్తుంది, ఒకటి జెంటామైసిన్‌కు ముసుగు తొడిగి చెల్లకుండా చేస్తుంది, ఒకటి టెట్రాసైక్లిన్‌ను లోపలికి రాగానే బయటికి తోడేస్తుంది. అన్నీ ఒకే గాజు మీద.

అక్క సెఫిక్సిమ్ మింగినప్పుడు ఏం జరిగింది? ఆ గాజు లేని ఈ.కోలైలు పేగులో చచ్చిపోయాయి. గాజు ఉన్నవి మిగిలి, ఖాళీ అయిన చోటంతా ఆక్రమించాయి. వాటిని కాపాడింది ఒకే రాయి. కానీ ఒక రాయిని ఏరుకోవడం కుదరదు, గాజు మొత్తం వస్తుంది. జెంటామైసిన్ రాయి కూడా దాంతోపాటే వచ్చింది. తీసుకోని సూది సంగతి పురుగుకు అలా తెలిసింది.

అక్క ఊరుకోలేదు. "ఆ గాజు మొదలు నా పురుగుకు ఎవరిచ్చిండ్రు?" అంది.

పక్కనున్న బాక్టీరియా ఇచ్చింది. ఒకటి ఇంకోదాని వైపు సన్నటి దారంలాంటి గొట్టాన్ని చాస్తుంది, దగ్గరికి లాక్కుంటుంది, ప్లాస్మిడ్‌లోని రెండు పేటల్లో ఒక పేటను అటు పంపుతుంది. తర్వాత రెండూ తమ దగ్గరున్న ఒంటి పేటకు జత పేట అల్లుకుంటాయి. ఇక్కడ నా గాజు పోలిక చాలదు, ఎందుకంటే ఇచ్చినవాడి చెయ్యి బోసిపోదు. ఇద్దరి చేతికీ గాజు ఉంటుంది. పైగా తీసుకునేది అదే జాతిది కానక్కర్లేదు. ఈ.కోలై క్లెబ్సియెల్లా అనే వేరే జాతి బాక్టీరియాకు ఇవ్వగలదు, క్లెబ్సియెల్లా ఇంకోదానికి ఇవ్వగలదు. రాళ్లు కూడా ఊరికే ఉండవు. ఒక గాజు మీది నుంచి లేచి ఇంకో గాజు మీద పొదుక్కునే రాళ్లున్నాయి. వాటిని ట్రాన్స్‌పోజాన్లు అంటారు.

ఒకసారి తొడుక్కున్న గాజును తీసేయడం కూడా తేలిక కాదు. కొన్ని ప్లాస్మిడ్‌లు ఒక విషాన్నీ, దాని విరుగుడునూ రెండింటినీ తయారు చేయిస్తాయి. విషం చాలాసేపు నిలుస్తుంది, విరుగుడు త్వరగా కరిగిపోతుంది. ప్లాస్మిడ్ ఉన్నంతకాలం విరుగుడు కొత్తగా తయారవుతూ ఉంటుంది, ఫరవాలేదు. విభజనలో ఏ పిల్లకైనా ప్లాస్మిడ్ అందకపోతే, విరుగుడు అయిపోయి, మిగిలిన విషంతో ఆ పిల్ల చస్తుంది. మందు ఆపేసిన వెంటనే ఈ జన్యువులు ఎందుకు మాయం కావో మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

మందుల్ని ఓడించే గాజులు ఇలా చేతులు మారడం మొదట బయటపడింది జపాన్‌లో. అందులో మన తెలుగువాడి కథ కూడా కలిసి ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకు నాయకత్వం వహించిన రోజుల్లో, అక్కడ బెంజమిన్ డగ్గర్ మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్‌ను కనిపెట్టారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అది మొదటిది. 1948లో లోకానికి తెలిసింది, ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు గారు కన్నుమూశారు. పదేళ్లు తిరక్కముందే జపాన్‌లో జిగట విరేచనాలు కలిగించే షిగెల్లా బాక్టీరియా నాలుగు మందులకు ఒకేసారి లొంగకుండా తయారైంది. సల్ఫా, స్ట్రెప్టోమైసిన్, క్లోరాంఫెనికాల్, టెట్రాసైక్లిన్. నాలుగు తప్పులు ఒకేసారి రాసుకోవడం కుదిరే పని కాదు కదా. లొంగని షిగెల్లానూ, లొంగే ఈ.కోలైనీ ఒకే గొట్టంలో కలిపి పెంచితే, ఈ.కోలై కూడా ఆ నాలుగింటికీ లొంగకుండా పోయింది. 1950ల చివర్లో జపాన్ శాస్త్రవేత్తలు అలా ఆ గాజును పట్టుకున్నారు.

మన దేశపు గాజుల్లో రెండు రాళ్లు ప్రపంచమంతా తిరిగాయి. మొదటిది సీటీఎక్స్-ఎమ్-15. 1999లో ఢిల్లీ ఆసుపత్రి నమూనాల్లో మొదట కనిపించింది. సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్ లాంటి సెఫలోస్పోరిన్ మందుల్ని విరగ్గొట్టేది ఇదే. ఈ కుటుంబపు జన్యువులు మొదట మందులతో సంబంధం లేని క్లూవేరా అనే సాధు బాక్టీరియా సొంత రాతలో ఉండేవి. అక్కడి నుంచి లేచి ప్లాస్మిడ్ ఎక్కాయి. ఎస్‌టీ131 అనే ఒక ఈ.కోలై వంశం ఈ రాయిని తొడుక్కుని ఖండాలు దాటింది. 2008 నాటికి అది ఎన్నో దేశాల్లో ఉన్నట్టు తేలింది. ఎక్కువగా దొరికేది మూత్రంలోనే. ఈ రాయి తయారు చేయించే ఎంజైమును ప్లేటు మీద పట్టుకోవడం ముచ్చటగా ఉంటుంది. దాని నోరు కట్టేసే క్లావులానిక్ ఆమ్లం ఉన్న బిళ్లను సెఫలోస్పోరిన్ బిళ్లకు దగ్గరగా పెడితే, రెంటి మధ్య ఖాళీ తాళంచెవి కన్నంలా సాగుతుంది. అక్క ప్లేటులో ఆ కన్నం చక్కగా తేలింది.

రెండోది ఎన్‌డీఎమ్-1. 2008 జనవరిలో, ఢిల్లీ ఆసుపత్రిలో ఉండి స్వీడన్ చేరిన ఒక రోగి మూత్రంలోని క్లెబ్సియెల్లాలో దొరికింది. ఆఖరి అస్త్రంగా దాచుకునే కార్బాపెనెమ్‌లను కూడా ఇది విరగ్గొడుతుంది. పేరులో న్యూఢిల్లీ ఉండటం మీద మన దగ్గర పెద్ద వివాదమే నడిచింది. ఆ వివాదం సద్దులో అసలు విషయం వినపడలేదని నా బాధ. అదే రోగి మలంలోని ఈ.కోలైలో కూడా ఆ జన్యువే ఉంది. మూత్రంలో ఒక జాతి, పేగులో ఇంకో జాతి, ఇద్దరి చేతా అదే రాయి. చేతులు మారడం ఆ మనిషి ఒంట్లోనే జరిగి ఉంటుందని శాస్త్రవేత్తలు భావించారు.

కాబట్టి ఈ గాజుల సంత జరిగేది మూత్రాశయంలో కాదు, పేగులో. అక్కడ వందల జాతులు కోట్లలో ఒకదానికొకటి రాసుకుంటూ ఉంటాయి. మూత్రంలో మాకు దొరికేది ఆ సంతలో ఎన్నడో తెచ్చుకున్న సరుకు. జబ్బు లేని మనిషి కూడా దాన్ని మోస్తూ తిరగొచ్చు. స్వీడన్ వాళ్లు ప్రయాణికుల్ని పరీక్షించిన ఒక అధ్యయనంలో, భారతదేశం వచ్చి వెళ్లిన ఎనిమిది మందిలో ఏడుగురి పేగుల్లో సెఫలోస్పోరిన్ మందుల్ని విరగ్గొట్టే ఈ.కోలై చేరింది. ఎనిమిది చిన్న సంఖ్యే, ఒప్పుకుంటాను. కానీ వాళ్లు కొద్ది రోజులకే వచ్చినవాళ్లు, మనం ఇక్కడే పుట్టి పెరుగుతున్నవాళ్లం.

పేగు నుంచి బయటికొచ్చేది ఎక్కడికి పోతుంది? నాలాకు, నాలా నుంచి మూసీ నదికి. 1908 వరద తర్వాత నిజాం ప్రభుత్వం పిలిస్తే వచ్చిన విశ్వేశ్వరయ్య గారు, వరదను ఆపే జలాశయాలతోపాటు నగరానికి భూగర్భ మురుగు కాలువలు కావాలని పట్టుబట్టారు. ఆ రోజుల ఊరికి అది గొప్ప పని. ఇవాళ్టి జనాభాకు సరిపోయేది కాదు. పాతబస్తీ సందుల్లో తాగునీటి గొట్టం, మురుగు గొట్టం పక్కపక్కనే పోతాయి, నీళ్లు వదలని గంటల్లో ఖాళీ గొట్టం చిల్లుల్లోంచి మురుగును పీల్చుకుంటుంది. నగరంలోనే భోలక్‌పూర్‌లో 2009 మేలో తాగునీళ్లలో మురుగు కలిసి ప్రాణాలు పోయాయి. 2011లో ఢిల్లీ నీటి మీద వచ్చిన పరిశోధనలో, కుళాయి నీళ్ల 50 నమూనాల్లో 2, వీధుల్లో నిలిచిన నీళ్ల 171 నమూనాల్లో 51 ఎన్‌డీఎమ్-1 జన్యువుతో ఉన్నాయి. ప్లాస్మిడ్ చేతులు మారడం 30 డిగ్రీల వేడిలో అన్నిటికంటే బాగా జరిగిందని కూడా ఆ పరిశోధకులు చూశారు. 30 డిగ్రీలంటే మన నాలా నీళ్ల వేడి.

మన నగరానికి ఇంకో భారం ఉంది. నగరం పక్కనున్న పటాన్‌చెరులో సుమారు 90 మందుల కర్మాగారాల వ్యర్థజలాన్ని శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లను స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం పరీక్షించి 2007లో ప్రకటించింది. శుద్ధి అయ్యాక కూడా లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్. మాత్ర మింగిన మనిషి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ. రోజుకు దాదాపు 45 కిలోలు వాగు పాలయ్యేది. స్వీడన్ దేశమంతా అయిదు రోజుల్లో వాడే సిప్రో అంత. తర్వాత, 2009లో, పైపులైను వేసి ఆ నీళ్లను నగర మురుగుతో కలిపి అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి మళ్లించారు. మందు కలిసిన నీళ్లూ, లక్షలమంది పేగుల బాక్టీరియా ఉన్న నీళ్లూ ఒకే గొట్టంలో కలిశాయన్నమాట. 2016 నవంబరులో జర్మనీ బృందం హైదరాబాద్ చుట్టుపక్కల, మూసీతో సహా, 28 చోట్ల నీళ్లు తీసి చూస్తే నూటికి తొంభై అయిదుకు పైగా నమూనాల్లో మందులకు లొంగని బాక్టీరియా ఉంది.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. అంబర్‌పేట పాతబస్తీకి దిగువన ఉంది. పటాన్‌చెరు నీళ్లు అక్క ఇంటి ముందు నుంచి పోవు. ఆమె మూత్రంలోని గాజు ఆ కర్మాగారాల దగ్గర పొదిగిందని నేను చెప్పలేను. కానీ మందు అవశేషాలు ఉన్న నీళ్లలో గాజు ఉన్న బాక్టీరియాకే బతుకు బాగుంటుంది, ఆ నీళ్లతో పండిన గడ్డి, తాగిన గేదె, నడిచిన మనిషి మళ్లీ ఊళ్లోకి వస్తారు. మందుల కంపెనీల వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్‌లు ఎంతకు మించకూడదో 2020 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ముసాయిదా నిబంధనల్లో రాసింది. 2021 ఆగస్టులో వచ్చిన తుది నిబంధనల్లో ఆ పరిమితులు లేవు. వాటిని మళ్లీ చేర్చాలని నేను గట్టిగా కోరుతున్నాను. ప్రపంచానికి మందులు చేసి పంపే ఊరిలో ఆ మందులే పనిచేయకుండా పోవడం నాకు మింగుడుపడదు.

ఇవన్నీ విన్నాక అక్క, "నేనేం చేయాలె?" అంది.

మందు మొదలుపెట్టకముందే మూత్రం కల్చర్‌కు ఇవ్వడం. మొదట వచ్చే ధార వదిలేసి, మధ్యలోది సీసాలో పట్టి, రెండు గంటల్లోపు ల్యాబుకు చేర్చడం. డాక్టరు రాయకుండా దుకాణంలో సెఫిక్సిమ్ అడగకపోవడం. 2014 మార్చి నుంచి ఆ మందు అమ్మిన ప్రతిసారీ వివరాలు పుస్తకంలో రాసి మూడేళ్లు దాచాలని చట్టం కూడా ఉంది. జలుబుకు, మామూలు నీళ్ల విరేచనాలకు యాంటీబయాటిక్ వద్దు, పేగులోని సంత అప్పుడే గాజులున్నవాళ్ల పాలవుతుంది. ఇంకొకటి చాలామందికి తెలియదు. మంటా జ్వరమూ ఏమీ లేకుండా రిపోర్టులో బాక్టీరియా కనిపిస్తే, పెద్దవయసు వాళ్లకు చాలాసార్లు మందే అక్కర్లేదు. గర్భిణికి మాత్రం, మంట లేకపోయినా, మందు ఇవ్వాల్సిందే, లేకపోతే మూత్రపిండాలకు ఎక్కే ప్రమాదం ఎక్కువ.

అక్క రిపోర్టులో నైట్రోఫ్యురాంటాయిన్ పక్కన ఎస్ ఉంది. 1953 నాటి పాత మందు, మూత్రాశయంలోనే పనిచేసేది. ఇప్పటికీ ఎక్కువ ఈ.కోలైలు దానికి లొంగుతున్నాయి. ఆమె డాక్టరు అదే రాశారు. రెండు వారాల తర్వాత వచ్చినప్పుడు మంట లేదు. ముఖంలో నిద్ర పట్టిన కళ ఉంది.

"అయితే ఆ గాజులు పోయినట్టేనా?" అని అడిగింది.

మూత్రంలోంచి పోయాయి అక్కా, పేగులో ఇంకా ఉండొచ్చు అన్నాను. మందులు తగలకపోతే చాలామందిలో కొన్ని నెలల్లో తగ్గుతాయి, కొందరిలో ఏడాది దాటినా ఉంటాయి. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఇంట్లో ఏడుగురం, ఒకటే బాత్‌రూం, వంట తనూ చిన్న కోడలూ కలిసి చేస్తామని చెప్పింది. కోడలికి అయిదో నెల, పేట్లబుర్జు ఆసుపత్రిలో చూపించుకుంటోందట. చేతులు సబ్బుతో కడుక్కునే సంగతి మళ్లీ ఒకసారి చెప్పాను.

లేచి వెళ్లబోతూ ఆగి, "కోడలికి మంటేం లేదు మేడం. అయినా ఒకసారి చూస్తరా?" అంది. మూత ఊడదీయని కొత్త సీసా ఒకటి తీసి, మీద కోడలి పేరు రాయించుకుని ఆమె చేతికిచ్చాను.